గోడకెక్కిన నా బొమ్మ

తిరువొత్తియూరు, చెన్నై,
ఆదివారం

రమణక్కకు,

నీ చెల్లెలు సుజాత రెండు చేతులెత్తి పెట్టే దండాలు. బావకు కూడా నా దండాలు చెప్పు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరు ముగ్గురూ అక్కడ చల్లగా ఉండాలని పొద్దున లేవగానే మొక్కుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను వచ్చినప్పుడు మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు, చూశాను. నూనె కాచి రాసుకోమంటే తర్వాత, తర్వాత అంటావు. బావ దగ్గు తగ్గిందా? జాను వేళకు తింటోందా? వంకాయ కూర చేసిన రోజు అన్నం దాచేస్తుంది, పళ్లెం కింద చూడు. నువ్వు చూస్తావని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటి, దీనికేమైనా పిచ్చా అనుకుంటావు. ఫోనులో చెప్పే మాట కాదక్కా ఇది. నువ్వు ఫోనెత్తగానే స్పీకరు పెడతావు. పక్కన జాను ఉంటుంది, అరుగు మీద పక్కింటి పార్వతమ్మ ఉంటుంది. అదీ కాక నోరు విప్పితే నాకు ఏడుపొస్తుంది. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. చివర జానుకని విడిగా ఒక కాగితం పెట్టాను. అది మాత్రం దాని చేతికివ్వు.

మొన్న నేను తిరిగి వచ్చేటప్పుడు నా సంచిలో జాను దత్తత కాగితం పెట్టావు కదా, దానికి జవాబు ఇందులోనే ఉంది. బస్సు దగ్గర నువ్వు అడిగితే ఆలోచించి చెబుతాలే అని మొహం తిప్పుకున్నాను. నీ మీద కోపమనుకుని ఉంటావు. కోపం లేదంటే అబద్ధం. కానీ అది నీ మీద కాదు. నిదానంగా చెబుతాను, చివరిదాకా చదువు. మధ్యలో ఏడవద్దు, కళ్లజోడు మసకబారితే మళ్లీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది నీకు.

ముందు ఇక్కడి సంగతులు. ఎండలు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యాయి. సముద్రం పక్కనే ఉన్నాం, పేరుకే. ఒళ్లంతా జిగట. మధ్యాహ్నం గాలి తిరిగితే ప్రాణం లేచొస్తుంది. గాలి ఉత్తరం వైపు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీల వాసన. ఆ వాసనకే కదా మూడేళ్ల కిందట జానును తెచ్చుకున్న రెండు నెలలకే దానికి ఆయాసం పట్టుకున్నది. పిల్ల బొమ్మలా బిగుసుకుపోయి ఊపిరి కోసం నా జాకెట్టు పట్టుకుని లాగడం నేను మర్చిపోలేదు. అప్పుడే నీ దగ్గర వదిలి వచ్చాను. ఆరేళ్ల పిల్ల అప్పటికి. ఒక్క సంవత్సరమేనని చెప్పాను దానికి.

తిండికి లోటు లేదు. సాంబారు, సాంబారు, మళ్లీ సాంబారు. గోంగూర దొరుకుతుంది కానీ పులుపు ఉండదు, చింతపండు వేసి మోసం చేయాలి. నువ్విచ్చిన కారప్పొడి అడుగుకొచ్చింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక డబ్బా పంపు, లేకపోతే పర్వాలేదు. గదిలో నాతో ఉన్న ఇద్దరూ ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయిలు. నేను వచ్చే వేళకు వాళ్లు వెళతారు, వాళ్లు వచ్చే వేళకు నేను వెళతాను. ఆదివారం మాత్రం ముగ్గురం ఉంటాం, ఎవరి ఫోనులో వాళ్లు మాట్లాడుకుంటాం. నేను బాగానే ఉన్నాను, దాని గురించి బెంగ పెట్టుకోకు.

పని కూడా బాగానే ఉంది. చక్రాల బల్లలు ఎలా చేస్తారని బావ అడిగాడు కదా. ఆయనది సైకిలు షాపు కాబట్టి తొందరగా అర్థమవుతుంది. మా ఓనరు దేవసహాయం అన్న ఒకప్పుడు బడి బెంచీలు చేసేవాడు. వాళ్ల తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయారు. ఇంట్లో తెలుగే, కానీ సగం అరవం. ఇక్కడ చేపలవాళ్ల వాడలో పిల్లలకు స్కేటుబోర్డుల పిచ్చి. కొన్న బల్ల విరిగితే కొత్తది కొనలేక ఈయన దగ్గరికి తెచ్చారట. ప్లైవుడ్డుతో ఒకటి కోసిచ్చాడు. రెండో రోజుకే అదీ విరిగింది. పిల్లలు నవ్వేసరికి పంతం పట్టి నేర్చుకున్నాడు. పల్చటి చెక్క పొరలు ఏడు, ఒకదాని మీద ఒకటి జిగురు రాసి పేర్చి, వంపు అచ్చులో పెట్టి లారీ జాకీతో బిగిస్తాడు. ఒక రోజంతా అలా ఉండాలి. తర్వాత కోసి, చక్రాలకు బెజ్జాలు వేసి, అంచులు రుద్ది నా చేతికిస్తాడు. రెండు మూరలకు కాస్త తక్కువ పొడవు, జానెడు వెడల్పు, అంతే మనిషి ఎక్కే వస్తువు.

అక్కడి నుంచి నాది. ఉప్పుకాగితంతో నునుపు చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక తెల్లరంగు ఒక పూత. పిల్లలు ఏ బొమ్మ అడిగితే ఆ బొమ్మ రేడియం షీటు మీద గీసి, బ్లేడుతో కోసి, అతికించి, ఖాళీల్లో రంగు కొట్టి, షీటు లాగేస్తాను. పైన వార్నిషు మూడు పూతలు. కందుకూరు బస్టాండులో జాను వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఆటోల వెనక పిల్లల పేర్లు కోసిన చెయ్యే ఇది. ఆయన పోయి నాలుగేళ్లయినా, మలుపు దగ్గర బ్లేడు ఎత్తకుండా షీటు తిప్పు అని ఆయన చెప్పినట్టే తిప్పుతాను.

మొదటి రోజు ఏం చేశానో నీకు చెప్పలేదు, సిగ్గేసి. అంత అందంగా నెమలి వేసి, నలుగురికీ కనపడాలని బల్ల పైభాగాన వేశాను. అన్న చూసి తల పట్టుకున్నాడు. “ఏమ్మా, ఈడ ఏసినావు? పైన కాలు పెడతారు గదా. గరుకు షీటు అతికించేది ఈడ. బొమ్మ కింద ఏయాల” అన్నాడు. కింద వేస్తే ఎవరు చూస్తారన్నాను. ఎగిరినప్పుడు చూస్తారంట. కాళ్ల కింద పెట్టే వస్తువని తెలిశాక, దేవుడి బొమ్మ మాత్రం వేయనని అప్పుడే చెప్పేశాను. ఆయన చర్చికి వెళ్లే మనిషి, అయినా సరి మా అన్నాడు. ఒక పిల్లవాడు వాళ్ల దేవుడి వేలాయుధం వెయ్యమని నాలుగు రోజులు తిరిగితే కోడిపుంజు వేసిచ్చి పంపించాను. అంత జాగ్రత్త ఉన్నదాన్ని నేను.

కయల్ అని ఒక అమ్మాయి ఉంది, కాలేజీలో చదువుతోంది. దాని బల్ల మీద నాలుగు రోజులు కూర్చుని వంజరం చేప వేశాను. పొలుసు పొలుసూ విడిగా కోశాను. వారం తిరక్కుండా తెచ్చి చూపించింది. తోక లేదు, కడుపు లేదు, ఒక్క కన్ను మిగిలింది. మెట్ల అంచుల మీద జారిస్తే అలాగే అరుగుతుందట. నాకు ఒళ్లు మండిపోయింది. నా చేతులు నొప్పులు పుట్టింది ఇందుకా అని తెలుగులోనే తిట్టాను. అది అర్థం కాక నవ్వింది. అరిగిన చేపను చూసుకుని ఎంత మురిసిపోయిందో చెప్పలేను. అన్న అప్పుడు ఒక మాటన్నాడు. “అరిగితేనే సంతోసం మా. బొమ్మ అట్నే ఉందంటే బోర్డు ఎక్కలేదని అర్థం” అన్నాడు. నేను మూతి తిప్పుకుని నా పని చూసుకున్నాను.

ఇక జాను బల్ల సంగతికి వస్తాను. ఇక్కడి పిల్లలు ఎగిరే వీడియో పంపితే తనకూ ఒకటి కావాలంది, నీకు గుర్తుండే ఉంటుంది. ఏ బొమ్మ వెయ్యమంటావు, చిలక వెయ్యనా, ఏనుగు వెయ్యనా అన్నాను. నీ బొమ్మ వెయ్యమ్మా అంది. అందరి అమ్మలూ బడికి వస్తారు, నువ్వు రావు కదా, నీ బొమ్మ నాతో ఉంటే చాలు అంది. నేను పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని. చిన్న బల్ల ఒకటి దానికోసమని అన్న విడిగా ఒత్తించి ఇచ్చాడు. అద్దం ముందు కూర్చుని నా మొహం నేనే గీసుకున్నాను. ఎన్నాళ్లయిందో నా మొహం నేను అంతసేపు చూసుకుని. కళ్ల కింద గుంటలు తీసేశాను, బుగ్గలు కాస్త నింపాను. నవ్వుతున్నట్టు వేశాను. బస్సు పార్శిల్లో పంపాను.

దేవుడి బొమ్మకు కుదరదన్నదాన్ని, తల్లి బొమ్మకు మాత్రం ఎలా కుదురుతుందనుకున్నానో. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే పిల్ల అది. చీపురుకు తగిలినా అద్దుకుంటుంది. అలా నేర్పించింది ఎవరు? నేనే. ఆ పిల్ల నా మొహం మీద కాలు పెడుతుందని నేను ఎలా అనుకున్నాను? ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

నాలుగు నెలలు ఫోనులో అడుగుతూనే ఉన్నాను, తొక్కుతున్నావా అని. ఆ, తొక్కుతున్నా అనేది. పడ్డావా అంటే మోకాలు గీసుకుపోయింది అనేది. నేను ఇక్కడ కయల్‌కు గొప్పలు చెప్పుకున్నాను, మా పాప కూడా నేర్చుకుంటోందని. పోయిన నెల సెలవు దొరికితే చెప్పకుండా బయలుదేరింది కూడా అందుకే. దాన్ని బల్ల మీద చూడాలని.

నువ్వు ఆ వేళకు రేషనుకు వెళ్లావు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలికి వచ్చి, సంచి దించి, నీళ్లు తాగుదామని బిందె దగ్గరికి వెళ్లి తలెత్తాను. జాను వాళ్ల నాన్న ఫోటో పక్కన, అదే ఎత్తున, నేను. చక్రాలు తీసేసిన బల్ల నిలువుగా రెండు మేకులకు వేలాడుతోంది. నుదుటి మీద పసుపూ కుంకుమా. కింద అగరుబత్తి మసి గీత. ఆయనకు ప్లాస్టిక్ దండ ఉంది, నాకు లేదు. దండ ఒక్కటే తక్కువ అనుకున్నాను. బిందె పక్కనే కూర్చున్నాను. ఒక్క గీత పడలేదక్కా ఆ బొమ్మ మీద. నేను పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

నువ్వొచ్చి చూసి నవ్వావు. “కాలు పెట్టనని మొండికేసిందే. అమ్మ మొహం మీద నిలబడతానా అని ఒకటే ఏడుపు. మంచం కింద పెడితే చీమలు పడతాయంటది. మీ బావ గోడకి తగిలించిన దాకా అన్నం ముట్టలా” అన్నావు. శుక్రవారం అన్ని పటాలకూ బొట్టు పెడుతూ నీ ఒక్కదానికే పెట్టకపోతే బాగుండదని పెట్టానన్నావు. నేనూ నవ్వాను. నువ్వు ఎంత ప్రేమగా పెట్టావో నాకు తెలుసు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు, ఇది వందసార్లు రాయమన్నా రాస్తాను.

తర్వాత జరిగింది నీకు చెప్పలేదు. నాలుగింటికి నేనే వెళ్లి తీసుకొస్తానని బడికి వెళ్లాను కదా. గేటు దగ్గర ఒకావిడ గొడుగేసుకుని నిలబడి ఉంది. ఏ పాప కోసమండీ అంది. జాను వాళ్ల అమ్మనండీ అన్నాను, గొప్పగా. ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. “జాను వాళ్ల అమ్మ పోయిందన్నారే? పెద్దమ్మ పెంచుతుందంట గదా. మా పాప జాను పుట్టినరోజుకి వాళ్లింటికెళ్లి ఫోటో కూడా చూసొచ్చింది” అంది. అపార్థం చేసుకున్నారని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో గంట కొట్టారు, పిల్లలు వచ్చేశారు.

జాను నన్ను చూసి ఆగిపోయింది. పరుగెత్తుకొస్తుందనుకున్నాను. పక్కనున్న పాప, ఆ గొడుగు ఆవిడ కూతురే, ఎవరే అని అడిగింది. మన జాను నా కళ్లలోకి చూస్తూ, “మా పిన్ని. చెన్నైలో ఉంటది” అంది.

ఆ చూపు నీకెలా చెప్పాలో తెలియడం లేదు. అన్నం పళ్లెం జారిపోతుంటే పట్టుకోమని చూస్తారే, అలా చూసింది. నేను పట్టుకున్నాను. గొడుగు ఆవిడ వైపు తిరిగి, అవునండీ, పిన్నినే, ఎత్తుకుని పెంచినదాన్ని కదా, అలవాటుగా అమ్మననేశాను అని చెప్పాను. ఆవిడ అయ్యో పాపం అంది. ఎవరికి పాపమో నాకు తెలియలేదు. జాను వచ్చి నా వేలు పట్టుకుంది. చెయ్యి మంచులా ఉంది.

మలుపు తిరిగాక ఏడ్చింది. నేను కోప్పడలేదు, ఒట్టు. కల్లంగడి పక్కన మామిడికాయ ముక్కలు కొనిపెట్టాను, తినలేదు. “నేను చెప్పలేదమ్మా. వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదంతే” అంది. ఎందుకు కాదనలేదు తల్లీ అన్నాను. నా కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత చెప్పింది. “నువ్వుండీ రావంటే ఎందుకు రాదు, ఎందుకు రాదు అని అడుగుతున్నారు. లేవనుకున్నాక ఎవరూ అడగటంలా” అంది.

నా గుండె పగిలిందక్కా. నడిరోడ్డు మీద, మామిడికాయ పొట్లం పట్టుకుని నిలబడ్డాను. ఇంకేం రాయను దాని గురించి.

ఇంటి దగ్గరికి వచ్చాక అది బేరం పెట్టింది. ఇంట్లో అమ్మా అనే పిలుస్తుందట, బయట మాత్రం పిన్ని అంటుందట. సరే అన్నాను. ఇంట్లోకి వచ్చి నీ ముందు ఏమీ జరగనట్టు ఇద్దరం బజ్జీలు తిన్నాం. ఆ పిల్ల ఎంత బాగా నటించిందో నువ్వు చూడలేదు, నేను చూశాను. ఉన్న రెండు రోజుల్లో నేను బయటికి అడుగుపెట్టలేదు, తలనొప్పని చెప్పాను. తలనొప్పి కాదు. వీధిలో నన్ను ఏమని పిలవాలో అది లెక్క చూసుకోవాల్సి వస్తుందని.

వెళ్లేటప్పుడు నువ్వు కాగితం ఇచ్చావు. జానును చేర్చబోయే కొత్త బడిలో ప్రతిదానికీ తల్లి సంతకం అడుగుతారని, దత్తత రాసుకుంటే తల్లి పేరు దగ్గర నీ పేరు రాయించవచ్చని, నీకు ఇష్టమైతేనేనని, ఇష్టం లేకపోతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనని అన్నావు. అడగడానికి నీకెంత కష్టమైందో నీ గొంతులోనే తెలిసింది. పిల్లలు లేరని లోకం నిన్నన్న మాటలన్నీ నేను విన్నాను. అయినా ఒక్కసారి కూడా నా పిల్లను నీ పిల్ల అనలేదు నువ్వు, నా దగ్గర.

ఇక్కడికి వచ్చి మూడు వారాలు. మొహాలు వేసే పని వస్తే కళ్ల దగ్గరికొచ్చి ఆగిపోతున్నాను. మొన్న బ్లేడు జారి బొటనవేలు తెగింది, భయపడకు, మానిపోయింది. అన్న చూసి ఏంది మా సంగతి అని అడిగితే ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఆయన చెక్కపొడి అంతా ఊడ్చి మూలకు చేర్చాడు. “పిల్లని ఈడికే పిలుచుకో మా, మా ఇంటి మీద గది ఉంది” అన్నాడు. మంచి మనిషి. కానీ ఆ ఇల్లూ ఇదే గాలిలో ఉంది. ఆ ఆయాసం మళ్లీ చూడలేను.

పోనీ నేనే తిరిగి వస్తే? అదీ ఆలోచించాను. బావ షాపు పక్కన ఒక బల్ల వేసుకుంటే నాలుగు నంబరు ప్లేట్లు రావా అని నువ్వంటావు. రావు, ఇప్పుడు అన్నీ మిషను కోస్తోంది. మిరపకాయల కూలికి వెళ్లి చూశాను కదా, పదిరోజులకే చేతులు బొబ్బలెక్కాయి. ఇవన్నీ నిజాలే. కానీ వీటి వెనక ఇంకో నిజం ఉంది, నీ దగ్గర దాచను. ఈ పని నాకు ఇష్టం. తెల్లటి బల్ల ముందు కూర్చుంటే నేను శీను పెళ్లాన్ని కాదు, విధవను కాదు, ఎవరి బరువునూ కాదు. ఆ పిల్లలు అక్కా అక్కా అని చుట్టూ మూగుతారు. ఇది వదిలి రావాలనుకుంటే మనసు ఒప్పుకోలేదు. ఒప్పుకోని ఆ క్షణమే నాకు తెలిసిపోయింది, బడి పిల్లలు అడిగే ఎందుకు రాదు అన్నదానికి జవాబు ఏమిటో. ఆ జవాబు జాను చేత వాళ్ల ముందు చెప్పించలేను.

అందుకని సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే మడిచి పెట్టాను. తల్లి పేరు దగ్గర నీ పేరే రాయించు. రిజిస్ట్రారు ముందుకు నేనూ రావాలంటే కబురు పెట్టు, వచ్చి వెళతాను. ఇంట్లో అమ్మ, బయట పిన్ని అని రెండు నోళ్లు పెట్టుకుని ఆ పిల్ల తిరగనక్కరలేదు. తొమ్మిదేళ్లదానికి అంత మోత ఎందుకు? ఇంట్లో కూడా నువ్వే అమ్మవు. నేను పిన్నిని. పెద్దయ్యాక అడిగితే అన్నీ చెప్పు, నన్ను మంచిదాన్ని చేసి చెప్పనవసరం లేదు.

ఒక్కటే అడుగుతాను. నన్ను గోడ మీద నుంచి దించు. పిన్ని బతికే ఉంది, పిన్నికి ఆ గోడ మీద పనేముంది.

పార్శిల్లో ఉప్పుకాగితాలు మూడు, తెల్లరంగు చిన్న డబ్బా, వార్నిషు, కుంచె పంపుతున్నాను. జాను బడికి వెళ్లాక బావ చేత చేయించు, అది చూస్తే చేయనివ్వదు. ముందు నుదుటి మీది పసుపు తడిగుడ్డతో పూర్తిగా తుడవాలి, లేకపోతే చెక్కలోకి దిగి కొత్త రంగు మీదికి పొంగుతుంది. మొదట గరుకు కాగితం, తర్వాత నున్నటిది. చెక్క గీతలు ఎటు ఉంటే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దకూడదు. ముందు వార్నిషు తెల్లగా పొడి రాలుతుంది, తర్వాత జుట్టు, తర్వాత బుగ్గలు పోతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోమను, ఆయన దగ్గుకు ఆ పొడి మంచిది కాదు. కళ్ల దగ్గర రంగు మందంగా వేశాను, అవి ఆలస్యంగా పోతాయి. విసుక్కోకుండా రుద్దమను. పెళ్లికి ముందు నాకు సైకిలు నేర్పించింది బావే కదా, నా మొండితనం ఆయనకు తెలుసు.

తెల్లరంగు పూసి ఒక రోజు ఆరనివ్వాలి. తర్వాత నేను కోసి పంపిన రంగుల షీటు అతికించండి, దీన్ని లాగెయ్యక్కరలేదు. నడిమధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు గుడ్డతో ఒత్తుకుంటూ పోతే బుడగలు రావు. పుచ్చకాయ ముక్క అది. ఉడుత వేద్దామనుకున్నాను, రాముడి వేళ్లు గుర్తొచ్చి మానేశాను. ఏనుగు వద్దు, నెమలి వద్దు, తామర వద్దు. ఏ దేవుడికీ, ఏ మనిషికీ సంబంధం లేని బొమ్మ వెతకడానికి నాకు మూడు రోజులు పట్టింది. దాని మీద కాలు పెట్టడానికి జానుకు ఏ అడ్డూ ఉండదు. వార్నిషు పూశాక చక్రాలు బిగించి వీధిలో పెట్టండి. అది ఎక్కాలక్కా. పడాలి, మోకాళ్లు గీసుకుపోవాలి. ఆ పుచ్చకాయ మొత్తం అరిగిపోయిందని నువ్వు నాకు ఫోను చెయ్యాలి. ఎంత సంతోషపడతానో.

ఇంక రాయడానికి ఏమీ లేదు. నేను బాగానే ఉన్నాను, నిజంగా. వేళకు తింటున్నాను. పార్వతమ్మకు, వాళ్ల అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వూ బావా నన్ను తిట్టుకోకుండా, మనసారా ఒక్కసారి దీవించండి. ఆ దీవెన తప్ప నాకు మీ నుంచి ఇంకేమీ వద్దు. నీ ఆరోగ్యం జాగ్రత్త, ఇప్పుడు నువ్వు పిల్లతల్లివి.

నీ చెల్లెలు,
సుజాత


(ఇది జానుకు)

బంగారుతల్లి జానూకు,

చెన్నై నుంచి బోలెడు ముద్దులు. నేను బాగున్నాను. నువ్వు బాగా చదువుతున్నావని అమ్మ చెప్పింది, చాలా సంతోషం. నీ బోర్డుకు కొత్త బొమ్మ పంపాను. ఇది తొక్కడానికే, దాచుకోవడానికి కాదు. గీతలు పడ్డాయని ఏడవకు, అరిగిపోతే ఇంకొకటి పంపుతాను, అదీ అరిగితే మరొకటి. కొత్త బడిలో మంచి స్నేహితులను చేసుకో. ఈ ఉత్తరం వాళ్లకు చూపించుకోవచ్చు, ఏమీ పర్వాలేదు. పడితే లేచి మళ్లీ ఎక్కు. అమ్మ మాట విను.

ప్రేమతో,
మీ చెన్నై పిన్ని